ఫ్లారెన్సు నగరమున ఒక కిటికీ



నేడు నేనొక ఆంగ్లనవలను గుఱించి ప్రసంగింపదలచితిని. నవల యనగానే ముఖము చిట్లించుకొను పెద్దలు కొందఱు కలరని నేనెఱుగుదును. అందులోను ఇది ప్రేమకథ. పెండ్లికెదిగిన కన్య యొకతె పరదేశయాత్రకు పోయి, అచ్చట నొక యువకుని చూచి, ఇంటికి వచ్చిన పిమ్మట వేఱొకనితో నిశ్చయమైన వివాహమును కాదన్న కథ. మా గ్రామమున ఒక పెద్దమనిషి మనుమరాలు ఈ పుస్తకమును పట్టణమునుండి తెచ్చుకొన్నది. ఆయన దానిని ఆమె చేతినుండి తీసికొని, మా యింటికి వచ్చి, అఱుగుమీద కూర్చుండి, "ఇది పిల్ల చదువదగినదేనా? నీవు చదివి చెప్పవయ్యా" అని నాకప్పగించి పోయెను. నేను పూర్వము చదివిన పుస్తకమే. ఐనను మరల చదివితిని. ఆయనకు చెప్పిన సమాధానమునే కొంచెము పెంచి మీకు చెప్పుచున్నాను.

పుస్తకము పేరు 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ'. కిటికీ తెఱచినచో వెలుపలి శోభ కనబడు గది యని అర్థము. దీనిని వ్రాసినవాడు ఇ. ఎం. ఫార్‌స్టర్. ఆయన 1879లో లండనున జన్మించి, 1970లో మరణించెను. పసితనముననే తండ్రి పోగా తల్లియే పెంచినది. 1901లో కేంబ్రిడ్జి చదువు ముగిసినంతనే తల్లీకుమారులు ఇటలీదేశమునకు బయలుదేఱిరి. కుమారుడు తల్లిని తీసికొని పోయెనో, తల్లి కుమారుని తీసికొని పోయెనో చెప్పుట కష్టము. ఆ యాత్రలో చూచిన మనుష్యులను, విన్న మాటలను మనసున నుంచుకొని ఈ కథను మొదలుపెట్టి, నడుమ విడిచి, వేఱు రెండు నవలలు ప్రకటించి, తుదకు 1908లో దీనిని వెలువరించెను.

ఈయన మనకు కేవలము పరాయివాడు కాడు. 1906లో ఇంగ్లండున సయ్యద్ రాస్ మసూద్ అను భారతీయ విద్యార్థికి లాటిన్ భాష చెప్పెను. ఆ మసూద్ తరువాత హైదరాబాదు సంస్థానమున విద్యాశాఖాధికారియైనపుడు, 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి ఆయన యింట అతిథిగా నుండెను. మన దేశమును గుఱించి వ్రాసిన ప్రసిద్ధనవలను 1924లో ఆ మిత్రునికే అంకితమిచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండను రేడియోనుండి మన దేశమువారికి పుస్తకములను గుఱించి ప్రసంగములు చేసినవాడును ఈయనయే.

ఇక కథ. లూసీ హనీచర్చ్ అను కన్య తండ్రి లేని పిల్ల. తల్లి, తమ్ముడు ఇంగ్లండున సర్రీ యను సీమలో ఒక పల్లెయొద్ద గట్టుమీది యింట నుందురు. ఆ కాలమున కలిగిన యింటి కన్యలు ఇటలీ చూచి వచ్చుట యొక ఆచారము; కాని ఒంటరిగా పోరాదు. కనుక షార్లెట్ అను పెద్దవయస్సు అవివాహిత, వరుసకు అక్క, తోడుగా పోయినది. వీరిద్దఱు ఫ్లారెన్సు నగరమున ఆర్నో నది యొడ్డున ఒక పూటకూళ్ళ యింట దిగిరి. ఆ పూటకూళ్ళమ్మ పేరునకు ఇటలీ స్త్రీయే కాని ఆమె మాట లండను మాట. గోడలకు విక్టోరియా రాణి పటము, ఆంగ్లకవి టెన్నిసన్ పటము. బల్లచుట్టు కూర్చుండినవారందఱు ఆంగ్లేయులే. కాశికి పోయియు మనవారి సత్రముననే దిగి, మనవారితోనే మాటలాడి, మన చారు దొరకునా యని విచారించు యాత్రికులను మీరెఱుగుదురు కదా. వారును అట్టివారే.

నదివైపు గదులు ఇత్తునన్న పూటకూళ్ళమ్మ పెరటివైపు గదులు ఇచ్చినది. భోజనముల బల్లయొద్ద ఈ సంగతి చెప్పుకొని విచారించుచుండగా, ఎదుట కూర్చున్న ఎమర్సన్ అను వృద్ధుడు, "మా గదులకు నది కనబడును. మీరు పుచ్చుకొనుడు" అన్నట్లు బిగ్గఱగా చెప్పెను. ఎఱుకలేనివాడు అడుగకయే ఉపకారము చేయవచ్చుట షార్లెట్‌కు మర్యాదాభంగముగా తోచెను. ఆ వృద్ధుడు దినపత్రికలలో వ్రాసి బ్రతికినవాడు, దేవునియందు నమ్మకము లేనివాడు, కొడుకు జార్జి రైల్వేలో గుమాస్తా. తుదకు ఒక పాదరి మధ్యవర్తియై ఒప్పించెను. అప్పుడును షార్లెట్ ఊరకుండలేదు. యువకుడుండిన గదిని తాను పుచ్చుకొని, వృద్ధుడుండిన గదిని లూసీకిచ్చినది. యువకుని గదిలో ఆడుపిల్ల యుండుట తగదని! ఆ గది గోడకు జార్జి ఒక కాగితము గ్రుచ్చియుండెను. దానిమీద పెద్ద ప్రశ్నార్థకచిహ్నము తప్ప మఱేమియు లేదు. షార్లెట్ దానికి భయపడినది. లూసీ మాత్రము తన గది కిటికీ తెఱచి నదిని, చీకటిలోని కొండలను చూచుచు నిలిచినది.

దేశాటనమువలన లోకజ్ఞానము కలుగునని మనవారు చెప్పుదురు. నిజమే. కాని లూసీ ఇటలీని గుఱించి నేర్చుకొన్నది మిక్కిలి తక్కువ. నేర్చుకొన్నదంతయు తన్ను గుఱించియే. ఇంటియొద్ద మనమెవరమో మనకు చుట్టుపట్లవారు చెప్పుచునే యుందురు. ఫలానావారి కూతురు, ఫలానావారికి కాబోవు కోడలు, బుద్ధిమంతురాలు. పరదేశమున ఆ చెప్పువారు తక్కువ. అపుడు మనిషి తనకు తానై చూడవలసివచ్చును. లూసీకి ఇంటియొద్ద అట్టి తావు ఒక్కటియే యుండెను. ఆమె పియానో వాయించును. బీథోవెన్ అను మహావిద్వాంసుని కృతులను ఆమె వాయించునపుడు విన్న పాదరి, ఈ పిల్ల వాయించినట్లే బ్రతికినచో ఎట్లుండునోయని ఆశ్చర్యపడెను. వాద్యమునెదుట ఆమెకు అబద్ధము రాదు. లేచి వచ్చినంతనే ఆమె అందఱు కోరినట్టి పిల్ల.

శాంతాక్రోచె యను దేవాలయముకడ జరిగినది చూడుడు. మైకెలాంజిలో, గెలీలియో మొదలగువారి సమాధులచ్చట నున్నవి. యాత్రికులందఱు చేత బెడెకర్ అను మార్గదర్శిగ్రంథము పట్టుకొని, ఏది గొప్పదని అందున్నదో దానియెదుట నిలిచి మెచ్చుకొందురు. మనవారు స్థలమాహాత్మ్యము చదువుకొనుచు గుడి తిరిగినట్లు. లూసీ పుస్తకమును తోడువచ్చిన యొకామె పట్టుకొనిపోయినది. ఏ చిత్రమును మెచ్చుకొనవలెనో తెలియక లూసీకి ఏడుపు వచ్చినంత పనియైనది. కొంతసేపటికి ఆ బెంగ తీఱి, తన కన్నులతోనే చూడసాగి సంతోషపడినది. చిన్న సంగతియే. కాని పుస్తకమంతయు దీనియందున్నదని నా యభిప్రాయము.

మఱియొకనాటి సాయంకాలము ఆమె ఒంటరిగా నగరపు పెద్దచౌకమునకు పోయినది. ఇద్దఱు మనుష్యులు ఐదు లీరల అప్పునకై తగవులాడుచుండిరి. ఒకడు రెండవవానిని పొడిచెను. పొడువబడినవాడు ఏదియో చెప్పదలచినవానివలె లూసీవైపు వంగెను. మాటకు బదులు నోటినుండి రక్తము వచ్చెను. ఆమె మూర్ఛపోగా దాపున నున్న జార్జి పట్టుకొనెను. ఆమె కొన్న చిత్రపటములకు రక్తమంటినది. జార్జి వానిని నదిలో పాఱవైచెను. ఆ తరువాత నదిగోడమీద చేతులాన్చి వారిద్దఱు కొంచెముసేపు నిలిచిరి. ఆమె మర్యాదగా ఈ సంగతి ఎవరితోను చెప్పవద్దని కోరినది. జీవితమున నేమియు రుచించక యుండిన ఆ యువకుడు తనకిక బ్రతుకవలెనని యున్నదనెను. ఒకడు చచ్చుట చూచి మఱియొకనికి బ్రతుకుమీద ఆశ పుట్టుట వింతయే. యుద్ధములోను, కఱవులోను తిరిగినవారికి ఇది వింతగా తోచదు.

కొన్నిదినములకు పూటకూళ్ళ యింటివారు రెండు బండ్లు కట్టించుకొని ఫియసోలే కొండకు పోయిరి. అచ్చట లూసీ పాదరులను వెదకుచు బండివానిని తన కొలదిపాటి ఇటలీ భాషలో అడిగినది. పాదరి యను మాట ఆమెకు రాదు, "మంచివారు ఎచ్చట?" అని అడిగినది. బండివాడు ఒక్క నిమిషమైన సందేహింపక ఆమెను జార్జి యున్నచోటికి తీసికొనిపోయెను! పొదలనుండి ఆమె జాఱి నీలిపువ్వులు పఱచుకొన్న చిన్నచదునుమీద పడినది. జార్జి ఆమెను చూచి, దగ్గఱకు వచ్చి ముద్దుపెట్టుకొనెను. అంతలో షార్లెట్ పైన కనబడినది. మఱునాటి ఉదయముననే ఇద్దఱు ఫ్లారెన్సు విడిచి రోమునకు పోయిరి.

ఇంతవఱకు విని మా పెద్దమనిషి, "ఇక చెప్పనక్కఱలేదు" అన్నాడు. అసలు కథ ఇచ్చటనే మొదలగునని నేనంటిని.

రోమునందు సిసిల్ వైస్ అను సంపన్నుని సాంగత్యము కలిగినది. చదువరి, నాగరకుడు, లోకమునంతను కొంచెము ఎత్తునుండి చూచువాడు. రోమున నొకసారి, ఆల్ప్స్ పర్వతములలో నొకసారి ఆమెను పెండ్లాడుదునని యడిగెను, ఆమె కాదన్నది. మూడవసారి ఇంటియొద్ద అడుగగా సరేయన్నది. ఏల సరేయన్నది? సంబంధము మంచిది, కాదనుటకు కారణము కనబడలేదు. ఫ్లారెన్సులో జరిగినదానిని ఆమె తన మనసున ఎంత లోతుగా పూడ్చినదనగా, అట్టిదొకటి జరిగినట్లు తానే ఒప్పుకొనదు. సిసిల్ దుర్మార్గుడు కాడు. గ్రంథకర్త అట్లు చేసియుండినచో కథ సులువయ్యెడిది. అతడామెను ఒక మహాచిత్రకారుని పటమందలి స్త్రీగా ప్రేమించును. ముద్దుపెట్టుకొనుటకు అనుమతి యడిగి, పెట్టుకొనునపుడు తన ముక్కుటద్దములు నడుమ నలిగిపోవుటచే సిగ్గుపడినవాడు. టెన్నిసు ఆటకు ఒక్క మనిషి తక్కువైనపుడు రమ్మనగా రాడు.

ఆ సిసిలే, లూసీ యూరి భూస్వామిని ఆటపట్టింపవలెనని, లండను చిత్రశాలలో కలిసిన ఇద్దఱు అపరిచితులకు లూసీ యింటి దాపున ఒక యిల్లు అద్దెకు కుదిర్చెను. ఆ యిద్దఱే ఎమర్సన్‌లు. ఎవని గోయి వాడు త్రవ్వుకొనుట యనగా నిదియే. అటుపిమ్మట ఒకనాడు సిసిల్ వేడుకకై ఒక నాసిరకపు నవలను బిగ్గఱగా చదువుచుండెను. అందులో నీలిపువ్వుల కొండ, ముద్దు, అంతయు నున్నది! ఆ నవల వ్రాసినది పూటకూళ్ళ యింట నుండిన యొకామె; ఆమెకు చెప్పినది షార్లెట్. ఎవరికిని చెప్పరాదని లూసీచేత పలికించినదియు షార్లెట్టే. కాపలా కాచినవారే రట్టు చేయుట లోకమున క్రొత్త కాదు.

ఆ దినముననే జార్జి మరల ఆమెను ముద్దుపెట్టుకొని, కొంతసేపటికి ఎదుట నిలిచి, సిసిల్ ఎవరి మనసును దగ్గఱగా ఎఱుగజాలనివాడని, నిన్ను ఒక వస్తువుగా ఉంచుకొనునే గాని మనిషిగా చూడడని చెప్పెను. ఆమె అతనిని వెళ్ళగొట్టినది. ఆ రాత్రియే సిసిల్‌ను పిలిచి పెండ్లి వద్దన్నది. కారణముగా చెప్పిన మాటలన్నియు జార్జి మాటలే! సిసిల్ మాత్రము ఆ ఘడియలో మఱియెన్నడులేని పెద్దమనిషితనము చూపి, ఆమె చెప్పినది నిజమని ఒప్పుకొని, చేయి కలిపి వెళ్ళిపోయెను. నాకీ ఘట్టమున అతనిమీదనే గౌరవము కలిగినది.

ఇప్పుడు ప్రకరణముల పేర్లు వినుడు. పదునాఱవ ప్రకరణము పేరు జార్జితో అబద్ధమాడుట. పదునేడవది సిసిల్‌తో అబద్ధమాడుట. పదునెనిమిదవది పాదరితోను, తల్లితోను, తమ్మునితోను, పనివాండ్రతోను అబద్ధమాడుట. పంతొమ్మిదవది వృద్ధుడైన ఎమర్సన్‌తో అబద్ధమాడుట. నాయిక అబద్ధములాడుచున్నదని గ్రంథకర్త తలుపుమీదనే వ్రాసిపెట్టెను. ఆమె ఎవరిని మోసగింపవలెనని ఆడలేదు. నాకెవరిమీదను మనసు లేదు, ఒంటరిగా నుండవలెనని యున్నది, గ్రీసుదేశమునకు పోయెదను, అని చెప్పుచు అది నిజమని తానును నమ్మినది. మొదటి ప్రయాణము ఆమె కన్ను తెఱచినది. ఈ రెండవ ప్రయాణము కన్ను మూసికొనుటకు. టిక్కెట్టు కొన్నంతమాత్రమున తన్ను తాను తెలిసికొనుట కలుగదని ఈ కవి స్పష్టముగా చూపెను.

ఇచ్చట మనయింటి సంగతి ఒక్కటి. పెండ్లిచూపులు కాగానే పిల్లను పిలిచి, "ఏమమ్మా, నీకిష్టమేనా?" అని యడుగుదుము. "మీ యిష్టమే తాతయ్యా" అని తలవంచుకొని చెప్పును. మా పిల్ల ఎంత వినయముగలదని మురియుదుము. ఆ మాట వినయమో, సమ్మతియో, లేక లూసీ చెప్పినట్టి మాటయో మనము మరల అడిగితిమా? నేను అడుగలేదు. నా కుమార్తె విషయముననే అడుగలేదు. ఆమె ఇప్పుడు సుఖముగానే యున్నది. సుఖముగా నున్నానని చెప్పుచున్నది.

లూసీ అబద్ధములను విప్పినది యువకుడు కాడు. వృద్ధుడు. తల్లి చర్చికి పోయినపుడు ఆమె పాదరి యింటి చదువుగదిలో కాచియుండగా, నిప్పుకడ కూర్చున్న ముసలి ఎమర్సన్ కనబడెను. ఆయనకు కాళ్ళు సరిగా లేవు, మాట సరళముగా రాదు. తన భార్య పాపభయముచే మనసు క్రుంగి చనిపోయిన వృత్తాంతము చెప్పెను. ఈమె చెప్పిన ఒక్కొక్క అబద్ధమును విని, దుఃఖపడి, తుదకు నీవు జార్జిని ప్రేమించుచున్నావని సూటిగా అనెను. ఆమె కోపగించినది, ఏడ్చినది, తరువాత కాదనలేకపోయినది. ఆయన ఆజ్ఞాపింపలేదు, తన కుమారుని పొగడలేదు. దీపము తెచ్చి ఆమె యెదుట పెట్టినట్లు చేసెను. జార్జి సంగతి చెప్పవలసివచ్చినచో, అతడు నాకు నీడవలెనే కనబడును; కవి అతనికి మాటలు చాల తక్కువ యిచ్చెను. ఇటలీవారును బండివాడు, హంతకుడు, పూలు మాత్రమే, మనుష్యులుగా రారు. గ్రంథమునకు ప్రాణము ముసలివారే.

షార్లెట్‌ను గూర్చి ఒక సందేహము మిగిలియున్నది. ఆనాడు వృద్ధుడు ఆ గదిలో నున్నట్లు ఆమెకు ముందుగానే తెలియును. ఒక్క మాటతో లూసీని లోనికి పోకుండ ఆపగలిగియుండెడిది, ఆపలేదు. జీవితమంతయు కిటికీలు మూసినయామె ఆ ఒక్కసారి తలుపు తెఱచియుంచినదా? మరల ఫ్లారెన్సులో, అదే పూటకూళ్ళ యింట, భార్యాభర్తలైన పిమ్మట లూసీయు జార్జియు దీనినే తర్కించుకొందురు.

వారి సుఖము ఉచితముగా రాలేదని కవి దాచలేదు. వివాహము తల్లికి, తమ్మునికి ఇష్టము లేకయే జరిగినది. వారు మనసు కష్టపెట్టుకొనిరి. పాదరి ఇక ఎన్నడును వీరిని పట్టించుకొనడని తెలియుచున్నది. లూసీకి ఇది బాధయే. మొదటినుండి నిజము చెప్పియుండినచో తల్లి ఒప్పుకొనెడిదేమోయని వారికే తోచినది. తల్లికి కోపము వచ్చినది ప్రేమకు కాదు, అబద్ధమునకు.

గ్రంథకర్త స్వవిషయమొకటి చెప్పక తప్పదు. ఫార్‌స్టర్ పెండ్లాడలేదు. ఆయన ప్రేమ పురుషులయందు. ఆనాటి ఇంగ్లండు చట్టము దానిని నేరముగా నెంచి చెఱసాలకు పంపుచుండెడిది. 1967లో గాని అది సడలలేదు. మన దేశమునను ఆంగ్లేయులు పెట్టిన యట్టి చట్టమే 2018లో మన సుప్రీముకోర్టు తీర్పు వచ్చువఱకు నిలిచియుండెను. 1913, 1914 సంవత్సరములలో అట్టి ప్రేమను గుఱించి 'మారిస్' అను నవల వ్రాసి దాచియుంచెను. అది ఆయన పోయిన తరువాత 1971లో వెలువడినది. 1945లో తల్లి మరణించువఱకు ఆమెతోనే కాపురముండెను. లోపలిదొకటి, పైకి చెప్పునదొకటిగా బ్రతుకుట యెంత బరువో లూసీకంటె ఆయనకే బాగుగా తెలియును. ఆయన ఎమర్సన్‌వంటి ముసలివానిని సృష్టించుటకు కారణము నాకిందు కనబడుచున్నది.

ఏబది యేండ్ల పిమ్మట, 1958లో, తన పాత్రలకు తరువాత ఏమైనదో ఫార్‌స్టర్ ఒక చిన్న వ్యాసమున వ్రాసెను. జార్జి రెండవ యుద్ధమున సైన్యములో చేరి, ఖైదీయై ఇటలీకి తేబడి, విడుదలైన పిమ్మట ఫ్లారెన్సుకు పోయి ఆ యింటిని వెదకెనట. నదియొడ్డున ఇండ్లు మాఱిపోయినవి. ఏ యిల్లో, ఏ కిటికీయో గుర్తింపలేకపోయెను. నది, కొండలు మాత్రము ఎప్పటివలెనే యుండెను. లూసీకి ఆ సంగతి తెలిసినపుడు ఆమె యిల్లు బాంబులచే కూలిపోయి యుండెను. ఐనను విని సంతోషించినదట.

ఇంతయు విని మా పెద్దమనిషి చాలసేపు మాటలాడలేదు. లేచి పోవుచు, "ఆ ముసలాయన మాటలు ఎచ్చట నున్నవి?" అని అడిగెను. నేను పంతొమ్మిదవ ప్రకరణమున ఒక కాగితపు ముక్క పెట్టి పుస్తకమును ఆయన చేతికిచ్చితిని.